చంద్రరావు చూడమన్న పాముల సినిమా

కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, చంద్రరావు కట్టిన అంటు ఎండిపోవడం ఎవరూ చూసి ఉండరు. ముప్పై రెండేళ్ళుగా అదే పని. నాటు మామిడి మొక్క తల కోసి, మంచి రకం కొమ్మను అందులో దింపి, పాలిథిన్ పట్టీని బాగా సాగదీసి చుట్లు చుట్టి, కొసను ఆఖరి చుట్టు కిందకు దూర్చి లాగుతాడు. ముడి ఉండదు, గాలి చొరబడదు. కబుర్లు చెబుతూనే రోజుకు మూడు వందలు కట్టేస్తాడు. చూపు చేతుల మీద ఉండనక్కర్లేదు, ఆ చేతులకే అన్నీ తెలుసు.

ఏడో తరగతితో బడి మానేశాడు. మిగతా చదువంతా ఫోన్లోనే, డాక్యుమెంటరీ సినిమాల్లో సాగింది. తెలుగులో చెప్పేవి ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాడు. మంచి సినిమా ఒక్కడే చూస్తే గుడి ప్రసాదం పంచకుండా తిన్నట్టే అంటాడు. అందుకే మధ్యాహ్నం నీడవలల కింద క్యారేజీలు విప్పే వేళకు, బోర్లించిన కుండీ మీద ఫోన్ నిలబెట్టి అందరికీ చూపిస్తాడు.

చూపించి ఊరుకోడు, మనిషిని బట్టి ఒక్కో సినిమా చెబుతాడు. కోడలితో పడక రుసరుసలాడే పాపాయికి, ఎండిన దేశంలో ముసలి ఏనుగు తన మందనంతా నీళ్ళ దగ్గరికి నడిపించే సినిమా చెప్పాడు. ట్రాలీ ఆటోలో మొక్కలు తోలే సురేష్‌బాబుకు దూకుడు ఎక్కువ. అతనికి కొండ అంచున తాడు మీద వేలాడుతూ తేనె తీసేవాళ్ళ సినిమా చెప్పాడు.

"చూశాను గురువుగారూ. ఆళ్ళకి తాడుంది, నాకు బ్రేకుంది. అదీ తేడా," అన్నాడు సురేష్‌బాబు.

"నీ బ్రేకు సంగతి మాకు తెల్దేంటి?" అంది పాపాయి.

నర్సరీ యజమాని పెద్దిరాజు గారికి మాత్రం, మంచుకొండ లోపల లోకంలోని విత్తనాలన్నీ దాచిన గది గురించి చెప్పాడు. ఆయన రెండుసార్లు చూసి, మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు చంద్రరావు ముఖంలో ఎంత వెలుగో.

ఇంత చూసినవాడికి పామంటే మాత్రం ప్రాణాలు పోయేంత భయం. ఆ పేరే పలకడు, 'పురుగు' అంటాడు. ఈ ఏడు తొలకరి పడ్డాక కొబ్బరిపొట్టు బస్తాల దగ్గర మూడుసార్లు కనబడింది. అప్పటినుంచి మొక్కల వరసల మధ్య నడిచేటప్పుడు కర్రతో నేల తట్టుకుంటూ నడిచేవాడు. ఆకు కదిలినా ఆగిపోయేవాడు. ఎవరికేం జరుగుతుందోనన్న బెంగతో, పాముకాటు మీద తీసిన సినిమా ఒకటి వెతికాడు. యాభై నిమిషాలది. శుక్రవారం మధ్యాహ్నం అందరికీ పెట్టాడు. తెలిసిన నలభై మందికి ఫోన్లో పంపి, "తప్పకుండా చూడండి, ఇంట్లోవాళ్ళకీ చూపించండి" అని రాశాడు.

తను మాత్రం పూర్తిగా చూడలేదు. సినిమాలో పాము నోరు తెరిచేసరికి క్యారేజీ కడుక్కునే వంకతో పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. సినిమా అయ్యేదాకా అక్కడే నిలబడి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాడు. అది ఎవరి కంటా పడలేదనుకున్నాడు.

తర్వాతి మంగళవారం, పదకొండు గంటలవేళ. రాత్రి కురిసిన వానకు నేలంతా చిత్తడిగా ఉంది. సంచులకు మట్టి నింపే నాగదుర్గ పొట్టు బస్తా ఒకటి పక్కకు జరిపింది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. భర్త మహేంద్ర రావులపాలెంలో అరటిగెలలు లారీలకెక్కించే పనికి పోతాడు. కూతురు హారతి ఒకటో తరగతి.

నాగదుర్గ అరవలేదు. రెండడుగులు వెనక్కి వేసి, "బాబాయ్, పురుగు," అంది మెల్లగా.

చీలమండ పైన రెండు చుక్కలు. కుండీల కిందకు జారిపోతున్న దాన్ని సురేష్‌బాబు చూశాడు. ఒంటి నిండా గొలుసులాంటి మచ్చలు. "రక్తపింజరండి," అన్నాడు.

చంద్రరావు చేతిలో అప్పుడే సాగదీసిన పట్టీ ఉంది. ఎలా పరుగెత్తాడో, ఎలా కూర్చున్నాడో తెలియదు. మోకాలి కింద అయిదు చుట్లు చుట్టి, కొసను లోపలికి దూర్చి లాగేశాడు. ముప్పై రెండేళ్ళుగా అలవాటైన చేతులు. బుద్ధికి తట్టేలోపే పని అయిపోయింది.

పాపాయి గుండెల మీద చేయి వేసుకుని, "సుబ్రహ్మణ్యేశ్వరా, పిల్లని కాయి తండ్రీ," అంది. "పక్కూళ్ళో మంత్రం ఏసే ఆయన ఉన్నాడు, అటు తీసుకెళ్దాం."

"మంత్రం తర్వాతేయిద్దాం పిన్నీ. ముందు పెద్దాస్పత్రి," అంది నాగదుర్గ.

పాపాయి ఆమె ముఖంలోకి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "అవునే. ఆ సినిమాలో కాలికున్నయ్యి తీసేయమన్నాడు కదా, వాపొస్తే దిగవని." వంగి కాలి గొలుసులు విప్పింది. మెట్టెల దగ్గర చేయి ఆగింది. ముత్తయిదువ కాలి మెట్టె తీయడమంటే మాటలు కాదు. అమ్మవారి పేరు చెప్పుకుంటూ తీసి, తన పసుపు తాడుకు తాకించి కొంగున ముడివేసుకుంది. "నా దగ్గరే ఉంటాయి. నువ్వొచ్చి తొడుక్కుందువు గాని."

అదే సినిమాను పాపాయి చివరిదాకా చూసింది. సురేష్‌బాబు చూశాడు, "కదలకూడదండి, మోసుకెళ్దాం" అంటున్నాడు. పెద్దిరాజు గారూ చూసినట్టున్నారు, అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేసి విరుగుడు మందు ఉందో లేదో కనుక్కుంటున్నారు. చూడనిది చంద్రరావు ఒక్కడే.

ట్రాలీలో మొక్కలు దింపేసి, గోనెలు పరిచి, నాగదుర్గను పడుకోబెట్టారు. పావుగంట గడిచింది. చంద్రరావు ఆమె కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆటో రోడ్డెక్కాక ఆమె తల ఎత్తి కాలివైపు చూసింది.

"బాబాయ్, కట్టు కట్టారేంటి?"

"కట్టకూడదా?"

చంద్రరావు కిందకు చూశాడు. పాదం నేరేడుపండు రంగులోకి తిరుగుతోంది. పట్టీ చర్మంలోకి దిగిపోయింది. తన చేత్తో తనే ఈ పిల్ల కాలు తీసేస్తున్నాడేమో. లేక ప్రాణమే తీస్తున్నాడా? వేళ్ళు పట్టీ కొస వైపు వెళ్ళాయి.

"విప్పకండి," అంది నాగదుర్గ.

"నల్లబడిపోతోందమ్మా."

"కట్టకూడదన్నాడు. కట్టేస్తే దారిలో విప్పకూడదనీ అన్నాడు. ఒక్కసారిగా వదిలితే విషం అంతా పైకెక్కేస్తుందంట. డాక్టరు గారే చూసి విప్పాలంట."

"నీకు బాగా గుర్తుందా?"

"గుర్తున్నట్టే ఉంది బాబాయ్."

విప్పితే ఏమవుతుందో, విప్పకపోతే ఏమవుతుందో అతనికి తెలియదు. నలభై మందికి పంపిన సినిమాలో, తను చూడని ఆ అరగంటలో ఎక్కడో ఉంది ఆ జవాబు.

ఇంతలో రైలు గేటు పడింది. ముందు రెండు లారీలు, ఒక బస్సు. సురేష్‌బాబు హారన్ కొట్టి కొట్టి దిగి పరుగెత్తాడు. గేటు తీయడం ఎవరి చేతిలోనూ లేదు. గూడ్సు బండి వస్తోంది. పెట్టె తర్వాత పెట్టె, తెగడం లేదు. జామకాయలమ్మే ఒకావిడ ట్రాలీలోకి తొంగిచూసి, ఏమీ అడక్కుండా తన గొడుగు తెచ్చి నాగదుర్గ ముఖానికి నీడ పట్టింది. ఆవిడ జామకాయలు ఎండలోనే ఉన్నాయి.

చంద్రరావు ఇక ఉండబట్టలేకపోయాడు. "దుర్గా, నేనా సినిమా మొత్తం చూడలేదమ్మా. చూడకుండానే అందరికీ చెప్పాను."

"తెలుసు బాబాయ్."

"తెలుసా?"

"అది నోరు తెరిచేసరికి మీరు పంపు దగ్గరికెళ్ళిపోయారు. ఒక్క గిన్నె అరగంట కడిగారు. మాకందరికీ తెలుసు." కళ్ళు మూసుకుంది. "నాకేమన్నా అయితే హారతిని మా అమ్మ దగ్గర ఉంచమనండి. జడ ఏయడం వాళ్ళ నాన్నకి రాదు."

"ఆ మాటలొద్దమ్మా," అన్నాడు చంద్రరావు.

గేటు లేచింది. విషయం ఎలా పాకిందో, ముందున్న బస్సు పక్కకు జరిగి దారి ఇచ్చింది. లారీలూ ఆగాయి. ట్రాలీ ఆటో ఒక్కటే ముందు దాటింది. సురేష్‌బాబు ఆ రోజు గుంతల దగ్గర ఎంత మెల్లగా తోలాడంటే, ఆమె తల ఒక్కసారి కూడా ఎగరలేదు.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు రూబీ గారు చిన్న వయసు మనిషి. కాలు చూసి నొసలు ముడిచారు. చేతి నుంచి కొంచెం నెత్తురు తీసి, పొడి గాజు గొట్టంలో పోసి, కిటికీ పక్కన నిలబెట్టారు. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ తాకకూడదన్నారు. గడ్డకడితే మంచిది, కట్టకపోతే విషం నెత్తురులో కలిసినట్టు.

చంద్రరావు గోడ గడియారాన్నీ గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. దేవుడి పేర్లు వరసగా చెప్పుకుంటూ మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలయ్యాక డాక్టరు గారు గొట్టాన్ని వంచారు. నెత్తురు నీళ్ళలా జారింది.

వెంటనే మందు సెలైన్లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. అది సగం ఎక్కాక కాలి దగ్గరికి వచ్చారు.

"ఇదెవరు కట్టారు?"

చంద్రరావు బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"ఇలా కట్టకూడదండి. కాలే పోయేది. మధ్యలో విప్పలేదు, అదొక్కటే నయం. మీరు సినిమాలవీ చూడరా? పాముకాటు మీద ఫోన్లో మంచి డాక్యుమెంటరీ ఒకటుంది, తెలుగులో. చూడండి, పదిమందికీ చెప్పండి."

"ఆయ్. చూస్తానండి," అన్నాడు చంద్రరావు.

అంత నొప్పిలోనూ నాగదుర్గ పెదవి కొసన నవ్వొచ్చి పోయింది.

డాక్టరు గారు కత్తెర తెచ్చారు. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది, కత్తెర మొన దూరలేదు. రెండుసార్లు ప్రయత్నించి, "ముడి ఎక్కడుంది?" అన్నారు.

"ముడి ఉండదండి."

"అయితే మీరే విప్పాలి. నేను చెప్పినప్పుడు ఒక్క చుట్టు. ఆపమంటే ఆపాలి."

చంద్రరావు చేతులు చొక్కాకు తుడుచుకుని, గోటితో కొస వెతికాడు. దొరికింది. డాక్టరు గారు నాగదుర్గ నాడి పట్టుకుని, "ఊఁ," అన్నారు. ఒక చుట్టు వదిలాడు. నాగదుర్గ పళ్ళు బిగించింది. ఆగారు. చాలాసేపైనట్టనిపించింది. "ఊఁ." రెండో చుట్టు. ఆమె ఒళ్ళంతా చెమట పట్టింది. "ఊపిరి ఆడుతోందామ్మా?" అంటే తలాడించింది. మూడో చుట్టు దగ్గర కళ్ళు తేలేసింది. "ఆపండి." చంద్రరావు పట్టీని రెండు వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని బిగుసుకుపోయాడు. నర్సు గబగబా ఏదో సూది వేసింది. తర్వాత నాగదుర్గ రెప్పలు కదిలాయి.

"ఊఁ," అన్నారు డాక్టరు గారు.

చివరికి అయిదో చుట్టు కూడా వచ్చేసింది. పట్టీ ఉన్నచోట చుట్టూ గాటు పడి, నెత్తురు సన్నగా ఊరుతోంది. పాదం రంగు మాత్రం మెల్లగా మారసాగింది.

మహేంద్ర హారతిని తీసుకుని మూడింటికి వచ్చాడు. ఎవరు ఏం చేశారని అడగలేదు. చంద్రరావు పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఎవరో చెబితే, రెండు అరటిపళ్ళు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. అవి అలాగే ఉండిపోయాయి.

ఆరు గంటల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. దీపాలు పెట్టే వేళ దాటాక మళ్ళీ నెత్తురు తీసి గొట్టంలో పోశారు. మళ్ళీ ఇరవై నిమిషాలు. ఈసారి చంద్రరావు గడియారం చూడలేదు, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరు గారు గొట్టాన్ని వంచారు, తర్వాత పూర్తిగా తలకిందులు చేశారు. నెత్తురు కదల్లేదు.

"గడ్డకట్టింది," అన్నారు. ఆ మాట విన్నాకే చంద్రరావు అరటిపండు ఒకటి ఒలిచాడు.

కాటు మచ్చ పదిరోజుల్లో మానింది గానీ, పట్టీ కోసిన గాటు మానడానికి నెలన్నర పట్టింది. మూడు రోజులకోసారి చంద్రరావే పని మానుకుని ఆమెను రాజమండ్రి తీసుకువెళ్ళేవాడు. నర్సు గాజుగుడ్డ తీసి కట్టు కట్టడం మొదలుపెట్టగానే దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు.

"కాస్త వదులుగా కట్టమ్మా," అనేవాడు.