ఎల్వుడ్ బావ చొక్కా అంచు

మా వెస్ట్ వర్జీనియా కొండల్లో జింకల వేట మొదలయ్యే సోమవారం బడులకు కూడా సెలవే. బడి బస్సు నడిపే మా బావ ఎల్వుడ్ ఆ రోజు కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు, పరువు పోగొట్టుకోవడానికి. జింక మీద పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, వేటగుడిసె గోడకు మేకుతో కొట్టడం మా తాతల నాటి ఆచారం. ఆ గోడ మీద సగం మా బావ బట్టలే. ఇలాగే సాగితే గుడిసెకు కర్టెన్లు కొనక్కర్లేదని మా వేటగాళ్ల పెద్ద రాస్కో అనేవాడు.

బావ మాత్రం తప్పంతా తుపాకీదే అనేవాడు. అది హార్డ్‌వేర్ షాపులో దొరికే చవకరకం. మడత కత్తిలా నడుం దగ్గర విరిచి ఒక్క తూటా పెట్టాలి, పేల్చాక మళ్లీ విరవాలి. మేమేమో ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నవ్వేవాళ్లం.

కిందటేడు మా అక్క ఇమొజీన్‌కు కంట్లో శుక్లాలు తీశారు. అయినా ఎర్ర గళ్ల ఉన్నిబట్ట తెప్పించి, వంకర్లు పోతున్న వేళ్లతోనే మొగుడికి కొత్త చొక్కా కుట్టింది. ఇదే ఆఖరుది, ఇంక తన వల్ల కాదంది. ఆ మాట బావకు గుచ్చుకుంది. వేటకు వేసుకోకపోతే అక్క నొచ్చుకుంటుంది, వేసుకుంటే రాస్కో కత్తెర కాచుకుని ఉంది. పోనీ వేరే తుపాకీ కొనుక్కోమంటే వినడు. మొండిఘటం.

వేసవంతా పెరటి వెనక వాలులో ప్రయోగాలే. అక్క చర్చి విందు కోసం దాచుకున్న కాగితం పళ్లేలు గురికి నిలబెట్టి తూట్లు పొడిచాడు. గొట్టంలో ఏళ్ల తరబడి పేరుకున్న మసి తోమాడు. పైనున్న దుర్భిణి స్క్రూలు వదులైపోతే బిగించాడు. దానికి ఏ రకం తూటా సరిపడుతుందో అని కనబడ్డ రకమల్లా తెచ్చాడు. దీన్ని మెప్పించడం అత్తగారిని మెప్పించడం కంటే కష్టంగా ఉందని నాతోనే అన్నాడు, ఆవిడ నాకు అమ్మ అన్నది కూడా చూడకుండా. పేల్చిన ప్రతిసారీ గొట్టం చల్లారేదాకా ఆగాలి కాబట్టి ఆ ఖాళీలో లోపల కారం మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెపరోనీ రొట్టె ఒకటి లాగించేవాడు. గురి కుదరకముందే బెల్టు బెజ్జం మారింది.

చివరికి అసలు దొంగ దొరికింది. గొట్టం కింద చేత్తో పట్టుకునే చెక్క ఒకే ఒక్క స్క్రూతో బిగిసి ఉంటుంది. దాన్ని దేనిమీదైనా ఆనిస్తే అది గొట్టాన్ని నొక్కి, ఒక్కోసారి ఒక్కో పక్కకు తోసేస్తోంది. బావ వంటింటి కొళాయి విప్పి, అందులోని రబ్బరు వాషర్ తీసి, స్క్రూ దగ్గర చెక్కకీ గొట్టానికీ మధ్య పెట్టాడు. అంతే, పళ్లెం నిండా చెల్లాచెదురుగా పడే తూట్లు ఊరగాయ సీసా మూతంత చోట్లోకి వచ్చేశాయి. మద్దెల నిజంగానే ఓడే. కొళాయి మాత్రం కారుతూనే ఉంది. అక్క కింద గిన్నె పెట్టి ఊరుకుంది. నేనైతే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

సోమవారం పొద్దున్నే బావ ఉన్న లోయలోంచి ఒక్క పేలుడు వినిపించింది. రాస్కో గొర్రెల కత్తెర జేబులో వేసుకుని ముందు నడిచాడు. వెనక నడుస్తున్న నాకు నిజంగా భయమేసింది. ఆ చొక్కా తెగితే మా అక్క మొహం ఎలా చూడను? వెళ్లేసరికి బావ దుంగ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కొమ్ముల జింక పడి ఉంది. కొమ్ములు తడుముతూ మనిషి వెలిగిపోతున్నాడు.

రాస్కో అంత తేలిగ్గా ఒప్పుకునే రకమా? "జింక ఎక్కడికీ పోదులే, ముందు చొక్కా చూడనీ" అని బావ కోటు ఎత్తి, చొక్కా బయటికి లాగాడు. అది లాగినకొద్దీ వస్తూనే ఉంది. మోకాళ్ల వెనక దాకా వచ్చింది. అక్క అంచును ఉండాల్సిన చోటే మడిచి కుట్టేసి, దాని కింద అదే బట్ట మూరెడు విడిగా అతికింది. ఆ ముక్క కత్తిరించుకుపోయినా చొక్కా చెక్కుచెదరదు. రాస్కో నవ్వు ఆపుకోలేక చతికిలబడ్డాడు. అంత బట్ట లోపల దోపినందుకు ప్యాంటు బిగుసుకుంటుంటే రొట్టెల పుణ్యం అనుకున్నాడట బావ. ఇప్పుడు మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక జింకను బండిలోనే వదిలేసి నేరుగా వంటింట్లోకి వెళ్లాడు.

"అంటే నేను తప్పుతాననే కుట్టావా?"

అక్క చేతులు తుడుచుకుంది. "ఏటా తెగిన చొక్కాతో నవ్వుకుంటూ వస్తావు. తర్వాత వెళ్లి ఆ బస్సులో ఒక్కడివే ఎంతసేపు కూర్చుంటావో నాకు తెలీదనుకున్నావా? నీ గురి నా చేతిలో లేదు. కుట్టు ఒక్కటే ఉంది."

 బావ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఇక అవసరం లేదుగా, ఆ ముక్క విప్పేస్తానని అక్క కత్తెర తీసింది.

బావ చొక్కాని గబగబా ప్యాంటులోకి దోపుకున్నాడు. "ఉండనీ. వచ్చే ఏడు కూడా వేట ఉందిగా" అన్నాడు.