మా అత్త చేసుకున్న సన్మానం

అరవైల్లో నిజామాబాద్ నుంచి బోధన్ దగ్గరి ఒక చెరకు ఊరికి కోడలిగా వెళ్లాను. ఆ చలికాలం హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వస్తే, ఊరివాళ్లు బంతిపూల దండ వేసి, శాలువా కప్పి సన్మానం చేశారు. మా అత్త జనం వెనక నిలబడి అంతా చూసింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ మామను అడిగింది.

"గాయన ఏం జేసిండు?"

"వచ్చిండు," అన్నాడు మామ.

"వచ్చుడేనా?"

"మల్ల పోయిండు గూడ."

అత్త చెంబు కింద పెట్టింది. "పెండ్లయినసంది నేను ఈడనే ఉన్న. ఎన్నడు పోలె. మరి నాకెందుకు జెయ్యరు?"

మామ నవ్వలేదు. అది అంతటితో ఆగే మాట కాదని ఆయనకు తెలుసు. మర్నాడే ఆమె బోధన్ బజారుకు పోయి ఎర్ర శాలువా కొనుక్కొచ్చింది. "ఎవలో జేస్తరని కూసుంటె సచ్చినంక జేస్తరు. అప్పుడు నాకేం ఎరుకైతది?" అంది.

సాయంత్రం వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు వింత చూడ్డానికి వచ్చారు. మామ శాలువా కప్పాడు. తర్వాత మాట్లాడాలంది.

"ఏం మాట్లాడాలె?"

"నా గురించి. అబద్ధం ఆడొద్దు. లేనిది అంటగట్టొద్దు. ఉన్నదే సూసి చెప్పాలె."

మామ గొంతు సవరించుకుని, "ఈమె కాసిన అంబలి ఎన్నడు మాడలె," అన్నాడు.

"ఒకపారి మాడింది," అంది అత్త కుర్చీలోంచి.

"ఒకపారి మాడింది," అని సరిదిద్దుకున్నాడు మామ. "గా దినం ఆమె మాడింది తిని నాకు మంచిది వోసింది."

ఆ సంగతి ఆయన ఎప్పుడో గమనించాడని అత్తకు అప్పటిదాకా తెలియదు. ఆమె శాలువా అంచు సరిచేసుకుంటూ ఉండిపోయింది. జనం ఎందుకో చప్పట్లు కొట్టారు.

అట్లా మొదలైంది. వారం వారం అదే శాలువా, కొత్త దండ, వేరే మనిషి. మామకు అయింది. ఎడ్లకూ అయింది, అవి దండలు తినేశాయి. తర్వాత అత్త పక్క పొలం ఆయన్ని పిలిచింది. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న రైతు. మా వంతు నీళ్లు తన చెరకుకు మళ్లించుకుంటాడని మాకూ ఆయనకూ పడేది కాదు. ఏదో గొడవకే పిలిచారనుకుని ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ కర్రతోనే కుర్చీలో కూర్చోబెట్టారు.

అత్త లేచి, "ఈయన మా నీళ్లు మలుపుకుంటడు," అని మొదలుపెట్టింది. "కాని అబద్ధమాడడు. నువ్వు మలిపినవా అంటె, అవునండి అంటడు. ఎన్నడు కాదనలె."

ఆయన దండతోనే ఇంటికి పోయాడు. రెండురోజులకు వచ్చి గుమ్మంలో నిలబడి, "అందరి ముందూ మంచివాణ్ణంటే ఎలాగండీ? నీళ్లు మళ్లించుకోవాలంటే చెయ్యి రావడం లేదు," అని అత్తతో మొరపెట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా మళ్లించుకున్నాడు, కాని ముందుగా వచ్చి చెప్పి.

నా వంతు వచ్చేసరికి నేను గడ్డివాము వెనక దాక్కున్నాను. నాకు పాలు పితకడం రాదు, జొన్నరొట్టె గుండ్రంగా రాదు. నాలో చెప్పేందుకు ఏమీ లేదని నాకంటే బాగా ఎవరికీ తెలియదు. పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. అత్త నావైపు చూసింది, ఆలోచించింది. చక్కెర ఫ్యాక్టరీ కూత వినబడింది. చాయ్ తాగారు. ఎవరి పిల్లకో ఏడుపొచ్చింది.

"దొరకలె," అంది అత్త. "వచ్చే వారం సూద్దాం."

ఆ వారమంతా ఆమె నా వెంటే తిరిగింది. పాలు ఒలకబోస్తే, "ఇది గాదు," అనేది. రొట్టె విరిగితే, "ఇది గూడ గాదు," అనేది. కోపం లేదు, పోయిన చెవికమ్మ వెతుక్కుంటున్నట్టు చూసేది. ఎవరూ నన్ను అంత ఓపికగా చూసిందిలేదు. సిగ్గుతో మొదలై, చివరికి నేను కూడా నన్ను చూసుకోవడం మొదలుపెట్టాను.

మళ్లీ కుర్చీ వేశారు. అత్త లేచింది. "మా వదిన వచ్చి మోకాళ్ల నొప్పి ముచ్చట చెప్తది. చెప్పిందే చెప్తది. మేమందరం ఏదో పనిమీద లేసిపోతం. ఈమె లేవది. ఆకరుదాక వింటది."

"మాట నడుమ లేసుడు నాకు చేతగాదు, అత్తమ్మా. గందుకే కూసున్న," అన్నాను.

"చేతనయ్యి కూసున్నవో, చేతగాక కూసున్నవో నాకెందుకు? కూసున్నవా లేదా?"

"కూసున్న."

"అయిపాయె," అని శాలువా కప్పింది.

ఊరి మోకాళ్లూ నడుములూ అన్నీ మా ఇంటికి రావడం అప్పటినుంచే. ఒక పక్క వింటుంటే ఇంకోపక్క పొయ్యిమీద కూర మాడేది. అత్త ఏమీ అనేది కాదు.

చెరకు నరుకుడు మొదలయ్యాక సన్మానాలు ఆగిపోయాయి. నాకు మాత్రం ఆ అలవాటు పట్టుకుంది. పండక్కి పుట్టింటికి పోతూ నిజామాబాద్ బస్సులో కండక్టర్‌నే చూస్తూ కూర్చున్నాను. మొరటు మనిషి, మెడలో ఈల, అందరినీ కసురుతున్నాడు. ఆయనలో ఏం దొరుకుతుందా అని చూపు తిప్పలేదు.

చివరికి ఆయనే వచ్చి, "ఏందమ్మా గట్ల సూస్తున్నవు?" అన్నాడు.

"ఏం లేదన్నా. ముసలోల్లు కాలు కింద వెట్టేదాక నువ్వు సీటీ కొడ్తలేవు," అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ అనుమానంగా చూశాడు. తర్వాత, "టికెట్ ఇంకోపారి సూపియ్యి," అన్నాడు.