చెంచా టీచరు

తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్ళను చూసుకునే హోమ్ మాది. తుంటి విరిగాక నేనూ ఇక్కడికే చేరాను. చదువుకోవడానికి వెలుతురు బాగుంటుందని భోజనాల హాల్లో కిటికీ పక్కన కూర్చుంటాను. చెంచా టీచరును ఎరిగింది ఆ కుర్చీలోంచే.

ఆవిడ పని ఆయాలకు శిక్షణ ఇవ్వడం. నోరు విడిచి చెప్పుకోలేని మనిషి మీద చెయ్యి చేసుకోవడమే కాదు, కసురుకోవడం, పట్టించుకోకుండా వదిలేయడం కూడా హింసేనని నేర్పుతుంది. ఒకప్పుడు ఆవిడా ఇక్కడ ఆయానే. బస్సు ప్రమాదంలో దవడ దెబ్బతిని, రెండు చేతులకూ కట్లతో, కొన్నాళ్ళు పడక మీద మాటా పలుకూ లేకుండా పరుల చేతి తిండి తిన్నది. ఇప్పటికీ ఆవిడ నవ్వు ఎడమ పక్కకే పోతుంది. అది చూస్తే ఎంత దిగులున్నవాళ్ళకైనా నవ్వొస్తుంది.

ఆ పడక మీంచి వచ్చిందే ఆవిడ పాఠం. గిన్నెడు చిక్కటి జావ, ఒక చెంచా. ఒక ఆయా చేతులు తొడల కింద పెట్టుకుని, మాట్లాడకుండా తినాలి. ఇంకో ఆయా తినిపించాలి.

ఆ మధ్య మా అందరికీ ఇక్కడే ఉండే టైలర్ గారి గురించి బెంగ పట్టుకుంది. పక్షవాతంతో మాట పోయిన మనిషి, రోజురోజుకూ చిక్కిపోతున్నారు. వారంలో బరువు పెరగకపోతే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపక తప్పదన్నాడు డాక్టరు. "నాన్న పీకేసుకుంటాడు. అప్పుడు చేతులు కట్టేస్తారు కదా" అని కూతురు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

ఆయనకు తినిపించేది మేం సుడిగాలి అని పిలిచే అమ్మాయి. అందరికీ ఇష్టమైన ఆయా. పాట పాడుతూనే హాలంతా తినిపించి గిన్నెలు సర్దేసేది. టీచరు అడిగితే, "ఆయనకు ఆకలే లేదక్కా. నాలుగు చెంచాలకే నోరు మూసేస్తారు. బలవంతంగా కుక్కకూడదని నువ్వేగా నేర్పావు!" అంది.

ఆ మధ్యాహ్నం టీచరు గోడవారన నిలబడి ఆయన భోజనం చూసింది. మర్నాడు పాఠానికి సుడిగాలినే పిలిచింది.

"రావే, ఇవాళ నా చేత్తో తిందువుగాని."

"నీ వంట తిని బతికినవాళ్ళున్నారా అక్కా?" ఆయాలు గొల్లుమన్నారు.

"వండింది నేను కాదులే, భయపడకు. ఇక నోరు తిండికే."

టీచరు అచ్చం సుడిగాలిలాగే పాడుతూ చెంచా వెనక చెంచా పెట్టింది. నాలుగోది గొంతు దిగకముందే అయిదోది పెదాల దగ్గరికొచ్చింది. బుగ్గలు ఉబ్బిపోయి సుడిగాలి నోరు బిగించింది.

"చాలట" అని టీచరు గిన్నె తీసుకుని లేచింది. "బలవంతం చేయకూడదుగా!"

సుడిగాలి తల అడ్డంగా ఊపింది. టీచరు చూడనట్టే నడిచింది. నవ్వుతున్న ఆయాలు ఒక్కొక్కరే ఆగిపోయారు. సుడిగాలి నోట్లోది మింగి, "నాకింకా..." అని, టైలర్ గారి కుర్చీ వైపు తిరిగింది. "అయ్యో! ఆయన నోరు మూసేది మింగడానికా అక్కా? రోజూ ఆయన ముందునుంచి గిన్నె ఎత్తుకుపోయానా?"

టీచరు పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"పైవాళ్ళకు చెప్తావా అక్కా?"

"చెప్పాలిగా. మేనేజరుకీ, వాళ్ళమ్మాయికీ. దాచుకుంటే రేపు ఇంకొకరి గిన్నె లేస్తుంది. పాఠం సగమే నేర్పానని నా మాటా చెప్తాను. పద, ఇద్దరం పోదాం."

ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. సుడిగాలికి మాత్రం హడావుడి పడకుండా ఒక్కో పూటకు తక్కువమందిని అప్పగించారు. వారం తిరిగేసరికి టైలర్ గారి బరువు కొంచెం పెరిగింది. డాక్టరు మళ్ళీ గొట్టం మాట ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం హాలు ఖాళీ అయినా టైలర్ గారూ సుడిగాలీ లేవలేదు. టైలర్ గారి నోరు మూసి ఉంది. చెంచా గిన్నెలోనే ఉంది. సుడిగాలి చేతులు తొడల కింద ఉన్నాయి.

"ఇంకా అవలేదటే? పొద్దుగూకేలా ఉంది" అని ఏడిపించింది టీచరు.

"నువ్వాగక్కా, మింగుతున్నారు."

కాసేపటికి టైలర్ గారు నోరు తెరిచారు.