అసలు మాట ఏ వాక్యంలో ఉంది

ప్రింటరు నుంచి అప్పుడే బయటికి వచ్చిన కాగితానికి ఒక వేడి వాసన ఉంటుంది. పదో తరగతి చదువుతున్న మా మనవరాలు హారిక సాయంత్రం బడి నుంచి రాగానే అలాంటి కాగితాలు నాలుగైదు తీసుకుని, ఆదోనిలోని మా ఇంటి వసారాలో నా మంచం మీద పరచుకుని కూర్చుంటుంది. ఒక్కో కాగితం మీద ఒక ఇంగ్లీషు పేరా, దాని కింద ఈ పేరాలో ముఖ్య విషయం ఏది అన్న ప్రశ్న, ఆ కింద నాలుగు జవాబులు, వాటిలో ఒకటే ఒప్పు. నేను కాగితాన్ని ముందు వాసన చూసి తర్వాత చదువుతాను. హారికకు అది నవ్వులాట. నాకు మాత్రం ఆ వాసన వెంట ఎమ్మిగనూరు హైస్కూలు, అక్కడ సైక్లోస్టైల్ యంత్రం మీద తీసిన మసక కాగితాలు, వేళ్ళకు అంటుకునే వాటి సిరా, ఆ వేళ్ళతోనే నూలు ముట్టుకున్నానని అవ్వ తిట్టిన తిట్లు, అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, విరమించిన తర్వాతా రోజూ డైరీ రాస్తున్నదాన్ని గనక దీన్ని కూడా వరసగానే చెబుతాను.

మాది ఎమ్మిగనూరు, నేత కుటుంబం. మా వీధిలో తెల్లవారకముందే గంజి వాసన లేచేది. వీధి పొడుగునా పడుగు చాపి, దానికి గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతూ ఆడామగా అటు నుంచి ఇటు నడిచేవాళ్ళు. ఎండ ముదరకముందే ఆ పని ముగియాలి గనక ఆ వేళలో ఎవరూ ఎవరినీ పలకరించేవాళ్ళు కాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మిద్దె మీది మట్టి కూడా కాగిపోతుంటే, మేము ఆడపిల్లలం గడప లోపల చల్లని బండ మీద గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. వానాకాలంలో మగ్గం గుంతలో చెమ్మ ఊరి నేత ఆగిపోతే పెద్దవాళ్ళ మొహాలు ముడుచుకునేవి గాని మాకు అది పండగే. ఎందుకంటే ఆ రోజుల్లోనే అవ్వ తీరిగ్గా బొరుగులు తడిపి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు వేసి ఉగ్గాని చేసేది, పక్కన మిరపకాయ బజ్జీలు కూడా ఉండేవి. ఉగాదికి నెయ్యి కారే ఓలిగలు, పీర్ల పండక్కి వీధి చివరి ఇళ్ళ నుంచి చెంబుల్లో వచ్చే బెల్లం పానకం, జాతరలో ఏడ్చి కొనిపించుకున్న గాజులు. మిగిలిన రోజులన్నీ జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ, మగ్గాల చప్పుడు.

ఆ చప్పుడు ఇంటింటికీ ఉండేది. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాయన పొద్దుపొడిచినప్పుడు గుంతలో దిగితే అన్నానికి తప్ప పైకి వచ్చేవాడు కాదు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో ఆయన పెట్టుకునే కండెలకు నూలు చుట్టడం నా పని, అవ్వ పని. నాయనతో ఏదైనా చెప్పాలంటే ఒక కండె అయిపోయి ఇంకోటి పెట్టుకునే ఆ కాస్త వ్యవధిలోనే చెప్పాలి. నాడె మళ్ళీ పరుగెత్తిందంటే మనం ఎంత అరిచినా ఆయనకు పెదవులు కదలడం తప్ప ఏమీ అందదు. అందుకని చాలా సంగతులు మా ఇంట్లో అసలు చెప్పకుండానే ఉండిపోయేవి. నేను కూడా ఒకటి అలాగే దాచుకుని ఉన్నాను. పదో తరగతి అయ్యాక ఆదోనిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలన్నది నా కోరిక. మా వీధి నుంచి అంతవరకు ఏ ఆడపిల్లా చదువుకు ఊరు దాటలేదు. లెక్కల్లో, సైన్సులో నాకు దిగులు లేదు. ఇంగ్లీషులో తప్పితే మాత్రం జీవితమంతా కండెలే అని నాకు బాగా తెలుసు.

ఇంగ్లీషులో నన్ను పడగొట్టేది ఒక్కటే ప్రశ్న. ముందు చూడని పేరా ఒకటి ఇచ్చి, ఇది దేని గురించో ఒక్క వాక్యంలో రాయమనేవాళ్ళు. పదాలన్నిటికీ నాకు అర్థాలు తెలుసు, వాక్యం వాక్యం చదివి తెలుగులో చెప్పగలను, అయినా జవాబు మాత్రం ప్రతిసారీ తప్పు. ఎందుకు తప్పుతున్నదో తెలియాలంటే మా ఇంటికి చుట్టాలు ఎలా వచ్చేవాళ్ళో చెప్పాలి.

కోడుమూరు నుంచి పెదనాయన వచ్చేవాడు. వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, వానలు ఎట్లున్నాయో చెప్పి, ఎద్దు కాలికి ముల్లు దిగిన సంగతి చెప్పి, ఎర్రగడ్డలు కుళ్ళిపోయిన సంగతి చెప్పి, రొట్టె తిని, ఒక కునుకు తీసి లేచి, మళ్ళీ వానల దగ్గరికే వచ్చేవాడు. పొద్దు వాలాక గడప దాటి, చెప్పుల్లో కాళ్ళు దూర్చేటప్పుడు, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అనేవాడు:

"అది కాదురా తమ్ముడా, మన పెద్దోని పెండ్లి పెట్టుకున్నాము. నువ్వు నాలుగు దినాలు ముందే రావాల."

ఆయన మలుపు తిరగగానే అవ్వ నవ్వేది. "సూసినావా, మనిషి వచ్చిన పని నోట్లో ఉండదే, సెప్పుల్లో ఉంటాది."

మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ అంతే. పని ఏమిటో ముందే అడగడం అమర్యాద, ముందే చెప్పడం ఇంకా అమర్యాద. పుట్టినప్పటి నుంచీ అదే చూసినదాన్ని, ఇంగ్లీషు పేరాలో కూడా అసలు మాట చివరి వాక్యంలోనే ఉంటుందని నాకు ఎవరూ చెప్పకుండానే నమ్మకం కుదిరింది. పేరా ఎంత పొడుగున్నా చివరి వాక్యాన్ని నా మాటల్లో శ్రద్ధగా తిరగరాసి ఇచ్చేదాన్ని.

మా ఇంగ్లీషు సారు మద్దికెర మనిషి. తెల్ల పంచె, మోచేతి దాకా మడిచిన చొక్కా, చేతిలో బెత్తం ఉండేది గాని దాంతో ఆయన వీపు మాత్రమే గోక్కునేవాడు. ఒకరోజు ఒంటె గురించిన పేరా ఇచ్చాడు. ఎడారిలో బతకడానికి ఒంటె శరీరం ఎలా తగినట్టు ఉందో మొదటి వాక్యంలో చెప్పి, కాళ్ళు, మూపురం, కనురెప్పలు అన్నీ వర్ణించి, చివర్లో దాని వెంట్రుకలతో గుడారాలు కూడా నేస్తారని ముగించారు. నేను ఒంటె వెంట్రుకలతో గుడారాలు నేస్తారని రాశాను. నేత మాట వచ్చింది గనక ఆ రోజు ఇంకా ధీమాగా రాశాను.

సారు నా కాగితం పట్టుకుని క్లాసు మధ్యకు వచ్చాడు. "ఒంటెను తోలుకోని రమ్మంటే దాని ఎంట్రుక పట్టుకోని వచ్చినావేం పాపా?"

క్లాసంతా నవ్వింది. నేను లేచి నిలబడ్డాను. "అసలు మాట కడాకు గదా సార్ సెప్పేది?"

"ఎవురు సెప్పినారు?"

"మా ఇంటికొచ్చేటోళ్ళందరూ అట్లే సెప్తారు సార్."

నవ్వు ఇంకా పెద్దదయింది. సారు మాత్రం బెత్తం ఎత్తి వాళ్ళను ఆపాడు. "నవ్వద్దండప్పా. మీ ఊర్లో నయం. మా మద్దికెరలో అయితే మనిషి సందు మలుపు తిరిగినాంక మళ్ళా ఎనక్కొచ్చి సెప్తాడు." తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "అది మన మర్యాదమ్మా. ఇంగ్లీషు రాసేటోళ్ళు చాలాసార్లు వస్తానే సెప్పేస్తారు. అట్లని మొదటిదాన్నీ గుడ్డిగా పట్టుకోవద్దు. ఒక్కో వాక్యాన్ని ఏలు పెట్టి మూసి, మిగతాది సదువు. ఏది మూస్తే మిగతా మాటలకు అర్థం మారిపోతాదో, అది అసలు మాట."

ఆ రోజు నుంచి నాకు అదే పని. సారు ఇచ్చిన ప్రతి కాగితం మీదా వాక్యం వాక్యం వేలు పెట్టి మూసేదాన్ని. కాగితాలు అయిపోతే పక్కింటి రేడియో వార్తల మీద, అవి అయిపోతే అవ్వ చెప్పే ఊసుల మీద సాధన చేసేదాన్ని. రోజంతా జరిగినదాన్ని పడుకోబోయే ముందు ఒక్క వాక్యంలో రాసుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. నా డైరీ అలవాటు పుట్టింది అక్కడే. కొన్ని వారాలకు వేలు అవసరం లేకుండా కంటితోనే మూయడం వచ్చింది. పబ్లిక్ పరీక్షలో తేనెటీగల గురించిన పేరా వచ్చింది. అసలు మాట మొదట్లో లేదు, చివర్లో లేదు, మధ్యలో ఒక చిన్న వాక్యంలో నక్కి ఉంది. దాన్ని చూడగానే నాకు తెలిసిపోయింది. ఫలితాలు రాకముందే నేను పాసని అవ్వకు చెప్పాను. పాసయ్యాను కూడా.

ఇక నాయనకు చెప్పాలి. మా వీధి పద్ధతి ప్రకారం అయితే ముందు అవ్వకు చెప్పి, అవ్వ నూలు సంగతి, వాన సంగతి ఎత్తి, ఎప్పటికో ఆదోని దాకా రావాలి. హాస్టల్లో చేరే గడువు అంతదాకా ఆగదు. పైగా ఇంగ్లీషువాళ్ళ పద్ధతి నాకు పట్టుబడింది గనక దాన్నే వాడదామనుకున్నాను. గుంత పక్కన నిలబడి కాచుకున్నాను. కండె అయిపోయి నాయన నాడె చేతిలోకి తీసుకోగానే అన్నాను:

"నాయనా, నేను ఆదోనికి పోయి ఇంటర్ సదువుకుంటాను. హాస్టల్లో ఉంటాను."

కొత్త కండె ఆయన చేతిలోనే ఉండిపోయింది. తెగిన పోగు ఒకటి వెతికి ముడి వేశాడు. తర్వాత, ముడి మీద నుంచి కళ్ళు ఎత్తకుండా మాట్లాడాడు.

"ఈ నూలు సూడు పాపా, ముట్టుకుంటే తెగుతాంది. మీ అవ్వకు కండ్లు సరిగా అగపడవు, కండెలకు పని నిల్చిపోతాది. ఆదోనిలో నీళ్ళు అదో రకం అంటారు. ఆడ పత్తి లారీలు ఒకదాని ఎనక ఒకటి వస్తాంటాయి, రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా సూసుకోవాల. మన వీధిలో ఆడపిల్లను బయటూరికి పంపినోళ్ళు లేరు. జనాలు ఊరికే ఉంటారా, ఏదో ఒకటి అంటారు. వాన గూడా ఈసారి ముందే వచ్చేటట్టుంది." కండె నాడెలో పెట్టుకున్నాడు. "కండెలు అయిపోవచ్చినాయి. ఇంకో నాలుగు సుట్టు."

నాడె పరుగెత్తింది. ఇక మాటకు వీలు లేదు.

రాట్నం దగ్గర అవ్వ నా చేయి పట్టుకుంది. "బాధపడాకే. మీ నాయన వద్దన్నాడంటే ఏదో ఆలోచించే ఉంటాడు."

"యాడ వద్దన్నాడవ్వా?"

"కండెలు సుట్టుకోమన్నాడు గదే. నాకేమైనా చెవుడా?"

అవ్వ చివరి వాక్యం పట్టుకుంది. నేను రాట్నం తిప్పుతూ నాయన మాటలను ఒక్కొక్కటిగా మూసి చూశాను. నూలు మాట మూశాను, నీళ్ళ మాట మూశాను, జనాల మాట మూశాను. దేన్ని మూసినా మిగిలినవి అలాగే ఉన్నాయి. లారీల రోడ్డు దాటే మాట మూయగానే మాత్రం అన్నీ కలిసి గట్టిగా 'వద్దు' అన్నాయి. దాన్ని తెరిచాను. అవే మాటలు వేరేగా వినిపించాయి. రోడ్డు ఎలా దాటాలో అక్కడికి పోని మనిషికి ఎవరూ చెప్పరు. నాయన నన్ను అప్పటికే ఆదోని రోడ్డు మీద నిలబెట్టుకుని చూస్తున్నాడు. తెగే నూలు, అవ్వ కళ్ళు, జనాల నోళ్ళు, ఇవన్నీ నేను వెళ్ళిపోయాక ఈ ఇంట్లో ఆయన ఒక్కడే మోయబోయేవి.

"పొమ్మన్నాడవ్వా," అన్నాను.

"నీ మొగం," అంది అవ్వ.

మరునాడు అన్నాల దగ్గర అడగవలసినది అడగకుండా, దాని తర్వాతిది అడిగాను. "నాయనా, ఆదోనికి ఏ బస్సుకు పోదాము?"

నాయన రొట్టె తుంచి, చట్నీలో అద్ది, నోట్లో పెట్టుకుని నమిలి మింగాక చెప్పాడు. "తొలి బస్సుకు. ఎండ పడకముందే."

అవ్వ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూసింది. "మీరిద్దరూ ఏ బాసలో మాట్లాడుకున్నార్రా, నేను ఈడనే ఉంటి కదా?"

ఈ సంగతంతా మొన్న హారికకు చెబితే, నాలుగు జవాబులు ఇచ్చి ఉంటే తాను తప్పు దానికే టిక్కు పెట్టేదాన్నని ఒప్పుకుంది. ఆ తర్వాత, "ముత్తాత సూటిగా సరే అనొచ్చు కదా అవ్వా?" అంది. ఆయన అన్నాడనే చెప్పాను. ఆమె తన పేరాల్లోకి వెళ్ళిపోయింది. అవి బాగానే చేస్తోంది. వేలు పెట్టి మూయడం నేర్పాను.

ఇటీవల ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు మా వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. మిద్దెల స్థానంలో మేడలు వచ్చాయి. గుంతలు పూడ్చి పైన టైల్సు పరిచారు. ఊళ్ళో ఇంకా నేసేవాళ్ళు ఉన్నారు గాని ఈ వీధిలో ఒక్క మగ్గం లేదు. ఒకప్పుడు తెల్లవారుజామున పడుగు చాపిన చోట మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ఒక ఇంటి మెట్ల మీద ఒక తండ్రి, పదిహేనేళ్ళ కూతురు కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల దేనికోసమూ కాచుకోలేదు, గొంతు పెంచలేదు. వీధిలో అంత దూరం నుంచి కూడా వాళ్ళ ప్రతి మాటా నాకు వినపడింది.