కాలికి కట్టిన బియ్యం

మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గరి రబ్బరు తోటలో మా అమ్మ పాలు గీసేది. చెట్టు మొదట్లో గీయాలంటే గొంతుక్కూర్చోవాలి. కుడి మోకాలు వాచి ఆమెకు అది చేతకాకుండా పోయింది. పని పోతే తోటవాళ్లిచ్చిన ఇల్లూ పోతుంది. అందుకని వారానికోసారి తోట లారీలో పట్నం ఆసుపత్రికి వెళ్లేది. అక్కడ వైద్యం చేసే తమిళాయన ఆమె తొడ మీద తడిగుడ్డ చుట్టిన రేకులు పెట్టి కరెంటు ఇచ్చేవాడు. కరెంటుకి కండ బిగుసుకున్నప్పుడల్లా తనూ బిగించి కాలు చాపాలి. ఇంటి దగ్గర చీలమండకి ఒక కాటీ బరువు, అంటే అరకిలో పైచిలుకు, కట్టుకుని ఎత్తమన్నాడు.

మా ఇంట్లో తూచి ఇచ్చిన వస్తువు రేషన్ బియ్యం ఒక్కటే. అమ్మ కాటీ బియ్యం గుడ్డసంచిలో పోసి కుట్టేసింది.

"ఇసక కట్టుకోవే!" అని నాన్న నెత్తీ నోరూ బాదుకున్నాడు.

"ఇసకైతే తూకం ఎవులు సూస్తారు? ఇదైతే సివరికి వొండుకోవొచ్చు," అంది అమ్మ. మొండిఘటం!

మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. వాళ్ల మీద అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకి తిండి అందకూడదని మా ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. గేటు దగ్గర ఒళ్లంతా తడిమేవారు. గుప్పెడు బియ్యం దొరికినా జైలే, లేదంటే ఓడెక్కించి ఇండియాకి తోలెయ్యడమే. అమ్మకి ఇదంతా తెలుసు. కానీ ఆ సంచిని ఆమె మందుగానే చూసింది. నడిస్తే కాలు ఇంకా గట్టిపడుతుందని ఒక పొద్దున్న కట్టుకునే తోటలో చిల్లర పనికి బయలుదేరింది. తడిమే ఆవిడ చేతికి సంచి తగిలింది.

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఈ బియ్యం అడవిలో ఎవరికని పోలీసు అధికారి అడుగుతాడు. నా కాలికని అమ్మ అంటుంది. ఆఖరికి బల్ల మీద కూర్చోబెట్టి, అదే సంచి కట్టించి, అందరి ముందూ కాలెత్తమన్నాడు. ఏడుస్తూ ఎత్తింది. ఆయన చాలనేదాకా ఎత్తింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బియ్యం ఉంచుకుని అమ్మని వదిలేశారు. గోరుచుట్టు మీద రోకలిపోటులా, ఇకమీదట ఆసుపత్రికి వెళ్లడానికి అనుమతి లేదన్నారు. రోజూ గేటు దగ్గర కుచ్చిళ్లెత్తి చీలమండ చూపించే దాటాలన్నారు.

ఆ కరెంటు వైద్యం అంతటితో ఆగింది. కాలికి ఇసుక సంచి వచ్చింది. రోజూ సాయంత్రం నాన్న పక్కన కూర్చుని అమ్మ తొడ గిల్లేవాడు.

"కరెంటొచ్చినాది, బిగించు!"

"బిగించినాను లా!" అక్కడి మలైవాళ్లలా అమ్మ మాట చివర "లా" తగిలించేది. "సంపేస్తావేటి?"

ఆ రోజుల్లో అమ్మ నవ్వడం ఆ కాసేపే. నెలలు పట్టింది గానీ మళ్లీ గొంతుక్కూర్చుంది. ఇల్లు నిలిచింది.

మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన కొన్నాళ్లకి మా వైపు తనిఖీలు ఎత్తేశారు. ఆ పొద్దున్న గేటు బార్లా తెరిచి ఉంది, కాపలా లేదు. నాన్న ముందే దాటేశాడు. వెనక అమ్మ గేటు మధ్యలో ఆగింది. చీర కుచ్చిళ్లు పైకెత్తి, ఉత్త చీలమండ చూపిస్తూ నిలబడింది.

"ఎవులూ లేరే," అన్నాడు నాన్న మెల్లగా. "రా."

ఎత్తిన కుచ్చిళ్లు దించకుండానే అమ్మ గేటు దాటింది.