ఆగిన కథకు ఊ కొట్టిందెవరు

ముందు వినిపించింది ఒక 'ఊ'.

మనిషి ఇంకా కనపడలేదు. గడప అవతలి మసక వెలుతురులోంచి, ఆరిపోయిన పొయ్యిలోని ఆఖరి పొగలా, ఆ శబ్దం మెల్లగా తేలివచ్చింది. వాకిట్లో చెప్పులు విడుస్తున్న రజని అక్కడే ఆగిపోయింది. తానింకా ఒక్క మాటయినా అనలేదే. మరి ఈ ఊ దేనికి?

"తాత మేల్కొనే ఉన్నడక్కా, లోపలికి రా," అంది ఆయన మనవరాలు నవనీత.

రజనిది కోదాడ. బస్టాండు పక్క సందులో, ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు టైపు చేస్తుంది. ఆ ఏడు, రెండువేల పన్నెండులో, టీవీలో ఒక దయ్యాల సీరియల్ నడిచేది. అందులో నీలా అనే దయ్యం బంగ్లా మెట్ల మీద జుట్టు విరబోసుకుని ఏడవడం తప్ప ఇంకో పని ఎరగదు. రజనికి ఆమె మీద జాలి పుట్టింది. పనిలేని మధ్యాహ్నాల్లో బ్లాగు తెరిచి, నీలాకు వేరే బతుకు రాయడం మొదలుపెట్టింది.

ఆ బతుకులో నీలా బంగ్లా మీద విసుగొచ్చి బస్సెక్కుతుంది. కండక్టరుకు కనపడదు కనుక టికెట్ లేదు. మిర్యాలగూడలో దిగి రైసుమిల్లులో పనికి కుదురుతుంది. అక్కడ తౌడు ఎగిరి మీద పడగానే ఆమె ఆకారం తెల్లగా బయటపడుతుంది. హమాలీలు బస్తాలు అక్కడే పడేసి పరుగో పరుగు. నాలుగు రోజులకు వాళ్లకూ అలవాటైపోయి, "నీలమ్మా, జర గీ బస్తాకు ఓ చెయ్యి పట్టు" అంటారు.

చదివినవాళ్లు కింద రాసేవాళ్లు. "అక్కా, నవ్వి నవ్వి కడుపు నొస్తుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పనీకి నీలమ్మను మా ఇంటికి తోలియ్యి" అని సూర్యాపేట భాస్కర్. "అదేంటండీ, మా కోదాడలో దిగకుండానే వెళ్లిపోయిందా? దయ్యాల కంటికి కూడా మేం ఆనడం లేదా?" అని సంతోషి. "మా మిల్లుల ఎన్నడో చేరింది. మేం మేనేజరమ్మ అంటం" అని మిర్యాలగూడ చిరంజీవి.

ఆ నవ్వుల నడుమ, పేరులేని ఒక ఖాతా నుంచి, ఒకే ఒక్క అక్షరం.

"ఊ."

"ఎవల్ బై నువ్వు? నవ్వొస్తే నవ్వు, లేకుంటే ఊకో," అని భాస్కర్ ఎగతాళి చేశాడు. తర్వాతి భాగం కిందా అదే. ఊ. పెద్ద నవ్వుల మధ్య అది నీళ్లలో మునిగిన రాయిలా కనిపించేది రజనికి.

ఇంతలో పెళ్లిళ్ల కాలం వచ్చింది. కార్డుల పనిలో పడి ఆమె కథ ఆపేసింది. నీలా, సాగర్ కాలువ గట్టు మీద, పుట్టింటికి పోయే బస్సు కోసం చెయ్యెత్తి నిలబడి ఉంది. అక్కడే ఆగింది. చదివేవాళ్లు కొన్నాళ్లు "తర్వాతేందక్కా?" అని అడిగి, ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఊ మాత్రం పోలేదు. కొత్తగా ఒక్క వాక్యం లేకున్నా, ఆగిన ఆ చోట, చెయ్యెత్తిన నీలా కింద, ఒకటి తర్వాత ఒకటి వచ్చి చేరేది. పెళ్లికొడుకు పేరు టైపు చేస్తుంటే కూడా రజనికి చెవి పక్కనే ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుండేది. బ్లాగు మూసేద్దామనుకున్న రోజున, ఆ ఊల కింద మొదటిసారి ఒక పేరుతో మాట వచ్చింది.

"అక్కా, నేను నవనీతను. మాది సూర్యాపేట పక్క. మా తాత గురవయ్యకు నీ కథ చదివి చెప్తుంటి. ఆయన ఊ అంటే నేను ఊ అని కొడుతుంటి. తాత పానం బాగలేదు. కథ నిలవడ్డదని ఒకటే పరేషాన్. జర వచ్చి పూర్తి చేసి పోరాదు?"

అందుకే రజని ఇక్కడికి వచ్చింది.

నులకమంచం మీద గురవయ్య గొంగడి కప్పుకుని పడుకున్నాడు. మనిషి ఎండిపోయాడు, గొంతు ఒక్కటే మిగిలింది. గొర్లకాపరుల ఇంట్లో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే అతనికి ఒక పని అప్పజెప్పారు. ఎండాకాలం మందలను తోలుకుని మఠంపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయినప్పుడు, పొద్దుగూకాక లింగన్న అనే పెద్దమనిషి కథ చెప్పేవాడు. గురవయ్య ఊ కొట్టాలి. ఊ వినపడుతున్నంతసేపు కావలి మేలుకుని ఉన్నట్టు. జీవితమంతా అతను చేసింది అదే. గొర్లను కాశాడు, పెళ్లి చేసుకున్నాడు, భార్య ముత్తమ్మను కాటికి సాగనంపాడు, ఎవరు కథ చెప్పినా ఊ కొట్టాడు.

"ఒక కథకు ఊ కొడితె, అది అయిపొయ్యెదాంక లేవొద్దు బిడ్డా," అన్నాడు. "చెప్పెటోడు నడుమల ఇడువొద్దు. ఇడిస్తె కథల ఉన్నోళ్లు ఏడికి పోవాల్నో తెల్వక, ఊ ఇనవడ్డ దిక్కు వస్తరు."

"నవ్వుకోడానికి రాసిన కథ తాతా అది. ఉత్త దయ్యం."

"దయ్యమైతేంది, మనిషైతేంది? నిలవడితె కాళ్లు గుంజయా?"

రజని నవ్వబోయి నవనీత వైపు చూసింది. "కథ ఆగాక కూడా రోజూ ఊ కొట్టావుగా. దానికే భయపడ్డా నేను."

నవనీత ముఖం పాలిపోయింది. "నేను కొట్టలేదక్కా. ఆగిన కథకు ఊ ఎట్ల కొడతం? తాత ఒప్పుకోడు. నీకు రాసిన మాట ఒక్కటే నాది."

"ఆ కథలల్ల ఉన్నోళ్లే కొడుతుంటరు," అన్నాడు గురవయ్య, వానొస్తుందని చెప్పినంత మామూలుగా. "ఊ ఇనవడితె కథ మల్ల సాగుతదని ఆశ. నేనున్నన్ని దినాలు నా ఎనుక తిరుగుతరు. నేను పోతె ఎవలెనుక పోతరు? గదే నా రంది. గా కిటికీలకెళ్లి సూడు."

సాయంత్రం మేత నుంచి వచ్చిన గొర్లు దొడ్డినిండా ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. సూది మోపే సందు లేదు. నడుమ మాత్రం రెండు చోట్ల, ఒక్కొక్క మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. గొర్లు ఆ ఖాళీల చుట్టూ మెల్లగా కదులుతున్నాయి, లోపలికి మాత్రం కాలు పెట్టడం లేదు. ఒక ఖాళీలో నేల తెల్లగా, తౌడు రాలినట్టు ఉంది.

రజని మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుంది. ఎలాగో చెప్పడం మొదలుపెట్టింది.

"నీలా కాలువ గట్టు మీద చెయ్యెత్తి నిలబడింది."

"ఊ."

"బస్సొచ్చింది. ఎప్పుడూ ఆమెను చూడని కండక్టరు, ఆ రోజు చూశాడు. ఎక్కడికమ్మా అన్నాడు."

"ఊ."

"పుట్టింటికి అంది. టికెట్ కొట్టాడు. మొదటిసారి టికెట్ చేతికొచ్చిన సంబరంలో దాన్ని చూసుకుంటూనే కూర్చుంది. ఊరొచ్చింది. దిగి పుట్టింటి తలుపు తట్టింది. లోపలినుంచి ఎవరో గొళ్లెం తీశారు."

"ఊ..."

దొడ్డిలో గొర్ల మెడల గంటలు ఒక్కసారి గలగలమన్నాయి. నవనీత కిటికీ దగ్గరనుంచి అంది, "అక్కా, తెల్లగున్న జాగల గొర్రె పండుకుంది."

"ఇంకొకటి ఉన్నది గద," అన్నాడు గురవయ్య. "లింగన్నకు పాము కుట్టిననాడు ఒక కథ నడుమల ఆగింది. అండ్ల మనిషి కృష్ణ ఒడ్డున పడవ కోసం సూస్తున్నడు. నా చిన్నప్పటిసంది నా ఎనుకనే నడుస్తున్నడు పాపం. జర ఆయననుగూడ దాటియ్యి."

"ఆ కథ నాకు తెలియదు తాతా."

"పడవ తెల్వదా?"

రజని కళ్లు మూసుకుంది. నీళ్ల మీద మంచు, మంచులో తెడ్డు చప్పుడు, ఒడ్డున కూర్చుని కూర్చుని రాయిలా అయిన ఒక మనిషి. పడవ వచ్చిందని చెప్పింది. అతను ఎక్కాడని చెప్పింది. అవతలి ఒడ్డున దీపం పట్టుకుని ఎవరో పేరు పెట్టి పిలిచారని చెప్పింది. ప్రతి మాటకూ ఊ వచ్చింది. ఒక్కొక్కటీ ముందుదాని కంటే సన్నగా.

గంటలు మళ్లీ మోగాయి. ఈసారి ఆమె లేచి తానే చూసింది. దొడ్డి నిండిపోయి ఉంది. ఎక్కడా ఖాళీ లేదు.

చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి గురవయ్య పిలిచాడు. ఆమె గడప దాటలేదు, అక్కడినుంచే వంగి విన్నది.

"ఎన్నడన్న నా కథ చెప్తవేమో బిడ్డా. ఊ కొట్టెటోళ్లున్నరో లేరో ముందు సూసుకో. మొదలువెట్టినంక మాత్రం నన్ను నడుమల ఇడువకు."