రాజమణి కవాతు

గౌలిపుర గల్లీలో బర్రెలకు కుడితి పెట్టకముందే రాజమణి గొంతు లేస్తుంది: "దాయే ముడ్!" మంచంలో ఉన్నది ఆమె పెనిమిటి గుండయ్య, డెబ్బై ఒకటి యుద్ధం చేసొచ్చిన సిపాయి. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక ఇంట్లోనే చూసుకోమని దవాఖానాలో పంపేశారు. పక్క మార్చకపోతే వీపు పుండవుతుందని కాంపౌండర్ రజాక్ చెప్పాడు. బతిమిలాడితే గుండయ్య కదలడు. కవాతు మాట చెవిన పడితే మాత్రం పళ్ళు బిగించి తనే కుడివైపు తిరుగుతాడు. కొత్త కాపురంలో ఆమెకు సరదాగా ఆయన నేర్పిన మాటలే అవి. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, వీపు తుడిచి, పౌడర్ అద్దుతూ, "ఇంట్ల గూడ పల్టనేనా? నా నడుం ఇరుగుతున్నది" అని గొణుగుతుంది.

నిన్న ఎంత అరిచినా ఆయన తిరగలేదు.

"ఏంది, ఇనవడ్తలేదా?" అని మండిపడింది.

గుండయ్య కళ్ళు తెరిచాడు. "ఒక్కసారి విశ్రామ్ అనరాదే, రాజమణీ. సల్లగ పోత."

సిపాయి ఒళ్ళు సడలించుకోవడానికి ఇచ్చే హుకుం అది. అదీ ఆయన నేర్పిందే. ఆమె తడిగుడ్డను గిన్నెలోకి విసిరికొట్టింది. రెండు చేతులూ ఆయన భుజం కింద దూర్చి, తనే పక్కకు తిప్పుతూ, గల్లీ అంతా వినపడేలా అరిచింది:

"దాయే ముడ్!"